మంగళవారం క్యాసెట్ నిండా చీమలు

ఆగస్టు పది, సోమవారం. పొద్దున్నే అటక మీద మా చీరల కొట్టు వీడియో క్యాసెట్ ఒకటి దొరికింది. దాని మీద నా మూడో తరగతి దస్తూరీ: "మంగలవారం". తెలుగు బీఏ చదువుతున్నదాన్ని, ఆ 'ల' చూసి నవ్వాను. వెంటనే నవ్వు పోయింది.

ఇంకా గుర్తుంది, తణుకులో మా కొట్టు కౌంటరు కింద అరలో ఉండే, దొంగల కోసం పెట్టిన కెమెరా రికార్డర్. ఆగి ఆగి బొమ్మ తీస్తూ, మూడు గంటల క్యాసెట్ మీదే రోజంతా పట్టేది. అర తలుపు తీయగానే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. రోజూ ఆ రోజు పేరున్న క్యాసెట్ పెట్టి, ఎర్ర బటన్ నొక్కి, బడికి పరుగెత్తడం నా పని.

దసరాకి అమ్మ మీటరు కర్రతో పాటు దానికీ బొట్టు పెట్టింది. అది చెరిగిందని, క్యాసెట్ తోసే మూత మీద నేనే మళ్ళీ తడి కుంకుమ అద్దాను.

తర్వాతి మంగళవారం పట్టుచీర పోయింది. చీరలు మడతపెట్టే సత్యవతిగారి మీద అనుమానపడ్డారు.

"క్యాసెట్ వేసి చూడండి బాబుగారూ, నేను తీస్తే కనబడతానుగా!" అన్నారావిడ.

నాన్న వేశారు. బొమ్మ లేదు, తెర నిండా గిలగిలలాడే చుక్కల చీమలే.

"ఏంటే ఇది? రోజూ మార్చావా?"

"మార్చాను నాన్నా!"

మార్చాను. ఒక్కరోజైనా వేసి చూడలేదు.

మెకానిక్ రికార్డర్ విప్పితే, టేపు మీద బొమ్మ ఎక్కించే హెడ్ నిండా కుంకుమ. "పూజ ఘనంగా చేశారండి," అన్నాడు. అమ్మ తలదించుకుంది. నేను నోరు విప్పలేదు. సత్యవతిగారు మర్నాటి నుంచి రాలేదు.

ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. రేపు పొద్దున్న మొదటి బస్సుకి ఈ క్యాసెట్ పట్టుకుని సత్యవతిగారి ఊరు ఉండ్రాజవరం వెళ్తాను. "ఆ కుంకుమ అద్దింది నేనేనండి" అని ఆవిడకే చెప్తాను.