హాస్టల్ కెమెరాలను వేరు చేసిన మేడమ్

మా నెట్‌వర్కింగ్ మేడమ్ మొన్న ఆదివారం పోయారు. వాళ్లాయన ఫోన్ చేసి, "మీ మేడమ్ ఎలిపోనాదమ్మా" అని పెట్టేశారు. కిడ్నీలు పాడై చాలాకాలంగా డయాలసిస్ మీద ఉన్నారు. ఊహించిన కబురే అయినా రోజంతా ఏ పనికీ చెయ్యాడలేదు.

విజయనగరం శివార్లలో మేం చదివిన ప్రైవేటు కాలేజీలో ఆవిడ ల్యాబ్ చెప్పేవారు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, కేబుల్ ముక్క వేలికి చుట్టుకుంటూ మాట్లాడేవారు. కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె స్విచ్. ఆ ఒక్క పెట్టెనే లోపల భాగాలు చేసి, ఒక భాగంలోని మాట ఇంకో భాగానికి చేరకుండా చేయడం వీలాన్. మాకేమో కమాండ్లు కొట్టేయాలని తొందర. ఆవిడ కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టేవారు.

"ముందు ఎవుల మాట ఎవులు ఇనకూడదో తేల్సుకోండి. టైపింగ్‌దేటుంది, ఎవులైనా సేస్తారు."

ఒకనాడు ప్రాక్టికల్ జరుగుతుంటే వెనక వరసలో నవ్వులు. ఒకడి తెర మీద మా అమ్మాయిల హాస్టల్ వరండా! కాలేజీ అంతటికీ ఒకే నెట్‌వర్క్, కెమెరాలకు పాస్‌వర్డ్ కూడా లేదు. నా గదిలో ఉండే అమ్మాయి నైటీలో తల దువ్వుకుంటోంది. మేడమ్ వచ్చి తెర ఆపేశారు. అరవలేదు.

నన్ను వెంటబెట్టుకుని, కాలేజీ నడిపే కరెస్పాండెంట్ గారి గదికి వెళ్లారు.

"ఇప్పుడేటైపోనాదండీ? ఆ కుర్రోడికి రెండు తగిలిస్తే సరిపోద్ది" అన్నారాయన.

"రేపు ఇంకొకడు సూస్తాడు సార్. దారే మూసీయాల."

ఆ మధ్యాహ్నమే హాస్టల్ కెమెరాలను వేరే వీలాన్‌లో పెట్టారు. ల్యాబ్‌కొచ్చి చూస్తే వరండా ఇంకా కనిపిస్తూనే ఉంది. "గదులు ఏరు సేసాం గానీ మజ్జిలో తలుపు తీసే ఉన్నాదే" అంటూ మళ్లీ కూర్చున్నారు. రెండు భాగాల మధ్య దారి చూపించే పరికరంలో ఆ రాకపోకలు కూడా ఆపేశాక, వార్డెన్ కంప్యూటర్లో తప్ప ఎక్కడా ఏమీ కనపడలేదు.

మర్నాడు కరెస్పాండెంట్ గారు ల్యాబ్‌కే వచ్చారు. "నా గదిలో కూడా రాదేటండీ?"

"ఆడపిల్లల వరండా మీకెందుకండీ?"

మా అందరి ముందే అన్నారా మాట. ఆ ఏడాది చివర ఆవిణ్ణి మళ్లీ తీసుకోలేదు. కారణం ఎవరూ చెప్పలేదు.

కిందటి నెల ఆసుపత్రిలో చూడబోతే, సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా అడిగారు: "ఒసే, ఆ హాస్టల్‌ది అలాగే ఉన్నాదా, తీసీసారా?" తెలీదన్నాను. "కనుక్కో" అని కళ్లు మూసుకున్నారు.

ఖననం అయ్యాక నేరుగా హాస్టల్‌కి వెళ్లాను. అదే వార్డెన్. "ఆ తీగల పెట్టె మార్సీసారమ్మా. నా కంప్యూటర్లో ఇప్పుడేటీ రాదు. ఎవులు సూస్తన్నారో నాకేటి తెల్సు?" అంది.

తలెత్తి చూశాను. వరండా చివర, కెమెరా మీద ఎవరో అమ్మాయి తన చున్నీ కప్పి ఆరేసింది. అంచు నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కే గచ్చు మీద పడుతున్నాయి.