మా ఆయన నమ్మని పూలు

మా ఆయన దొక్గు ఎవర్నీ నమ్మడు. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. మా పెళ్లయిన కొత్తలో లారీకి తాళంచెవి అలాగే వదిలేసి సారాకొట్టుకు పోయేవాడు. "ఎవడెత్తుకుపోతాడే? లోపలున్న తేనెటీగలు ఊరుకుంటాయా?" అనేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు గేటుకు రెండు తాళాలు వేసి, నాలుగడుగులు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసుకుంటున్నాడు.

మాది దక్షిణాన ఛిల్గోక్ ఊరు. తేనెటీగల పని. మే నెలలో అకాసియా చెట్లు పూస్తేనే మాకు ఏడాది గడుస్తుంది. ఆ పూలు దక్షిణాన మొదలై, ఎండ ముదిరేకొద్దీ ఉత్తరానికి పాకుతాయి. మేం ఈగల పెట్టెలు లారీకెక్కించుకుని వాటి వెంట పడతాం. ఛిల్గోక్‌లో రాలాకగానీ, పైన సరిహద్దు దగ్గర చొర్వన్‌లో విచ్చుకోవు. మా మామగారి కాలం నుంచీ ఇదే లెక్క.

చొర్వన్‌లో మాకు చోటిచ్చేది జొంగ్‌తే. మా ఆయనతో పాటు సైన్యంలో పనిచేశాడు, ఒక ఏడాది చిన్నవాడు. ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. తన కొండవాలులో మా పెట్టెల కోసం గడ్డి కోసి ఉంచి, మొగ్గ విచ్చగానే ఫోన్ చేస్తాడు. మా పనిలో ఒకరి చోట ఇంకొకరు పెట్టెలు దించరు. ఆ చోటు మనిషి రాకపోతే పూలు రాలి మట్టిలో కలిసినా సరే, ముట్టుకోరు.

మా ఆయన బుద్ధి చెడింది రెండేళ్ల కిందట. ఆ జనవరిలో ఎండ వసంతంలా కాసింది. ఈగలు మోసపోయి పూల కోసం బయటికి ఎగిరాయి. సాయంత్రానికి చలి కమ్మేసింది, అవి తిరిగి రాలేదు. సగం పెట్టెలు ఖాళీ. తెరిచి చూసి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"ఆ పాడు ఎండ వల్లే" అన్నాను.

"ఎండ మీద కేసు పెట్టమంటావా?" అని నామీద లేచి, పక్క బేరితోట రైతు మీద పడ్డాడు. పురుగుమందు కొట్టి ఈగల్ని చంపాడట! ఆ రైతు అప్పటికి కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు.

"కొడుకు చేత కొట్టించి ఉంటాడు" అన్నాడు మా ఆయన. ఏం చెప్తాం ఇలాంటి మనిషికి!

ఈ ఏడు జొంగ్‌తే అల్లుడు కూడా ఈగల పెంపకం మొదలుపెట్టాడు. ఏప్రిల్లో మా ఊరొచ్చి, మా కొండంతా తిరిగి చూసి, "మామయ్యగారూ, ఇక్కణ్ణుంచి ఎప్పుడు కదుల్తారు?" అనడిగాడు. కొత్తగా పని నేర్చుకుంటున్నవాడు, తెలుసుకుందామని అడిగాడు పాపం. మా ఆయనకు అది చాలు.

మే మొదట్లో ఛిల్గోక్ పూలు నిండుగా ఉండగానే జొంగ్‌తే ఫోన్ చేశాడు.

"అన్నా, ఇక్కడ విచ్చుకున్నాయి. బయల్దేరు."

"ఇక్కడ ఇంకా రాలనే లేదు. పొద్దున్నే తాగావేంట్రా?"

"నాకూ అర్థం కావట్లా. ఈ వేడికి కిందా పైనా ఒక్కసారే పూసేసినట్టున్నాయి. తొందరగా రా అన్నా."

మా ఆయన ఫోన్ పెట్టేసి గొంతు తగ్గించాడు, చెట్లు వింటాయన్నట్టు. "చూశావా ఎత్తు? మనం అటు కదలగానే అల్లుడు పెట్టెలతో ఇక్కడ దిగుతాడు."

"సగం పెట్టెలైనా తీసుకెళ్దాం. నేనిక్కడ ఉంటాగా."

"సగం పోతే సగం చోటు పోద్ది."

మర్నాడు జొంగ్‌తే ఫొటో పంపాడు. కొమ్మకొమ్మకీ తెల్లటి గుత్తులు. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "పోయినేడాది ఫొటో."

"మూలన అల్లుడి బండి ఉంది చూడు. వాడు కొన్నది ఈ ఏడే కదయ్యా."

"అదే నేననేది! బండి కూడా సిద్ధం చేసుకున్నాడు."

నాకు తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత ఆయన కుర్చీ వేసుకుని దారికి అడ్డంగా కూర్చున్నాడు. వచ్చే ప్రతి బండినీ కళ్లల్లో వత్తులు వేసుకుని చూశాడు. పాలవాడు వచ్చాడు, పోస్టుమ్యాన్ వచ్చాడు. అల్లుడు రాలేదు.

జొంగ్‌తే మళ్లీ చేస్తే ఫోన్ నేనెత్తాను.

"వదినా, రేకులు రాలుతున్నాయి. అన్నకి నామీద కోపమా?"

"కోపం కాదు నాయనా, ఆయన బుద్ధి గడ్డి తింటోంది."

ఇంతలో వేడిగాలి కొట్టి ఛిల్గోక్ పూలు కూడా వాడిపోయాయి. పూలలో తేనె సరిగా ఊరనే లేదు. ఆకలికి మా ఈగలు ఒక పెట్టెవి ఇంకో పెట్టె మీద పడి దోచుకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు కదిలాడు మహానుభావుడు.

మేం చేరేసరికి చొర్వన్ కొండవాలంతా గోధుమరంగు రేకులు. చెట్ల మీద ఆకులే. మా చోట గడ్డి నున్నగా కోసి ఉంది, ఒక్క పెట్టె కూడా లేదు. మా ఆయన వంగి నేలంతా వెతికాడు. "ఎవడో దించి, పని కానిచ్చుకుని పోయుంటాడు. గడ్డి నలిగిన గుర్తులు చూడు" అన్నాడు. నేనూ చూశాను. ఎక్కడా నలగలేదు.

జొంగ్‌తే మెల్లగా పైకెక్కి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"మీ అల్లుడి పెట్టెలేవి?" అనడిగాను.

"ఇంటెనకాల ఉన్నాయి వదినా. ఇక్కడ దించుతానన్నాడు, నేనే వద్దన్నా. అన్న చోటు గదా. పూలన్నీ కళ్లముందే రాలిపోయాయి. వాడిప్పుడు పంచదార నీళ్లు పోస్తన్నాడు ఈగలకి. మా అమ్మాయి నాతో మాట్లాడటం మానేసింది."

సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన తల దించుకున్నాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటాడని చూశాను.

జొంగ్‌తేయే అన్నాడు. "వచ్చే ఏడు నుంచి ఈ చోటు అల్లుడికిస్తా అన్నా. పూలెప్పుడు పూస్తాయో నాకే తెలీటం లేదు. చెప్తే నువ్వు నమ్మటం లేదు. మధ్యలో పిల్లల కడుపు కొట్టలేను."

మా ఆయన చటుక్కున నావైపు తిరిగాడు. "చూశావా? నే చెప్పలా, వీడి కన్ను చోటు మీదేనని?"

గుసగుసగానే అన్నాడు గానీ, జొంగ్‌తే విన్నాడు. తర్వాత కొండ దిగుతూ నన్నొక్కదాన్నే పిలిచాడు.

"రా వదినా, అన్నం తిందువుగాని."