అంకుల్ గొంతు, నా బల్ల మీది స్పీకర్లు

పోయిన శుక్రవారం సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో, కొడుకు ఇంట్లో, అంకుల్ కన్నుమూశారు. పాతికేళ్ల కిందట సిడ్నీలో ఉన్న తెలుగువాళ్లకి ఆయన గొంతు తెలుసు. కమ్యూనిటీ రేడియోలో వారానికో అరగంట తెలుగు కార్యక్రమం వచ్చేది. అందులో మన వార్తలు చదివేది ఆయనే. ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి వస్తుంటే ఎవరో అన్నారు, “పాపం, ఆయన గొంతు అప్పట్లోనే పోయింది కదా” అని. పోలేదు. పోగొట్టింది నేను. ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం ముందు, వైటూకే కంప్యూటర్ పని మీద నేను వచ్చిన కొత్తలో అంకుల్ మా పక్క ఫ్లాట్‌లో ఉండేవారు. తెనాలిలో ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి. కంప్యూటర్ తెలిసినవాణ్ణని ఎడిటింగ్ నాకు అప్పగించారు. శనివారాలు వాళ్ల వంటింట్లోనే మినీడిస్క్ మీద రికార్డు చేసుకునేవాణ్ణి. ఆంటీని కుక్కర్ కట్టేయమని, బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టేవారు. “ఎదురుగా ఒక్క మనిషి కూర్చున్నట్టు చదవాలబ్బాయ్. ఊరందరికీ చదివితే ఎవడికీ వినపడదు” అనేవారు.

నా బల్ల గది మూలలో ఉండేది. పెద్ద మానిటర్ పోగా మిగిలిన చోట రెండు చిన్న స్పీకర్లని గోడకి ఆనించి ఇరికించాను. వాటిలో ఆయన గొంతు కుండలోంచి మాట్లాడినట్టు గుమ్మనేది. లోపం రికార్డింగ్‌దే అనుకుని వారం వారం బేస్‌ని, అంటే గొంతులో ఆ గుమ్మనే బరువునంతా, కోసేశాను. శ్రోతలు ఫోన్లు చేశారు. “అంకుల్‌కి ఒంట్లో బాలేదా? గొంతు అంత పీలగా ఉందేంటి?” ఆయన ముందు తన రేడియోని అనుమానించి విప్పి చూశారు. తర్వాత తన గొంతుని అనుమానించారు. నన్ను మాత్రం అనుమానించలేదు. వయసైపోయిందని చెప్పి మానేశారు. కార్యక్రమం నడిపే కమిటీ ఆ పని ఓ కుర్రజంటకి ఇచ్చింది.

రెండు నెలలకి ఓ ఆదివారం మా ఇంటికి టీకి వచ్చారు. కంప్యూటర్‌లో పాట వస్తోంది.

“ఏందబ్బాయ్, వీటిని మూలకి నెట్టావు? గోడ కూడా గొంతు కలుపుద్ది.”

బల్లని ముందుకి లాగించారు. స్పీకర్లని గోడకి మూరెడు ఎడంగా జరిపారు. ఒకదానికొకటి ఎంత దూరమో నా తలకీ అంతే దూరం ఉండేలా చూసి, కింద పుస్తకాలు పెట్టి, వాటి మొహాలు నా చెవులవైపు తిప్పారు. పాట తేటపడింది.

“ఇప్పుడు నాది పెట్టు.”

పెట్టాను. మంచాన పడ్డ మనిషి మాట్లాడినట్టు వచ్చింది. రెండు వాక్యాలు విన్నారు.

“ఇవి ఆ మూల ఎప్పట్నుంచి ఉండాయి?”

“మొదట్నుంచీ, అంకుల్.”

కమిటీకి చెప్పేస్తానన్నాను. “వద్దులే. ఆ పిల్లలు ఇప్పుడిప్పుడే కుదురుకుంటన్నారు. నీ పేరు మాత్రం ఎందుకు చెడాల? నా గొంతు బానే ఉందని తెలిసింది, చాలు” అన్నారు. చాలలేదని ఆయన మొహం చూస్తేనే తెలిసింది. అయినా ఆ మాట పట్టుకుని హాయిగా తప్పించుకున్నాను. ఆ తర్వాత మనవాళ్లలో ఎవరు కంప్యూటర్ కొన్నా ఆయన వెళ్లి స్పీకర్లు సర్దిపెట్టేవారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

నిన్న కొడుకు ఫోన్ చేశాడు, నాన్న గొంతు ఏమైనా మిగిలిందా అని. డిస్కులు చాలక అసలు రికార్డింగులు తుడిచేసేవాణ్ణి. మిగిలినవి నేను కోసినవే. తీసుకెళ్లాను. వాళ్ల బల్ల మీద స్పీకర్లు ఆయన ఎప్పుడో సర్దినట్టే ఉన్నాయి. బేస్ పెంచి చూశాను. రొద పెరిగింది తప్ప గొంతు రాలేదు. పన్నెండేళ్ల మనవరాలు వచ్చి కాసేపు నిలబడి వింది.

“దట్స్ నాట్ దాదా,” అని తన గదిలోకి వెళ్లిపోయింది.

కొడుకు నావైపు చూశాడు. స్పీకర్ల మధ్య ఆ పీల గొంతు, తెనాలిలో వానలు పడ్డాయని చదువుతూనే ఉంది.