తిరగేసిన గుంతల బండ

ఎవరింటికైనా బయలుదేరితే మా వాళ్ళు నన్ను ముందే హెచ్చరిస్తారు. "అటక మీద ఏముందని మాత్రం అడగొద్దు" అంటారు. అడగకుండా ఉండలేను. పాత బొంగరం, రంగు పోయిన లక్క పిడత, మూతి సొట్టపోయిన చిన్న ఇత్తడి చెంబు, సంచిలో మరిచిపోయిన గవ్వలు, ఏది కనబడినా నాకు ప్రాణం లేచొస్తుంది. చిన్నప్పుడు ఆడుకున్న వస్తువు మళ్ళీ చేతికి దొరికితే మనసుకు కలిగే నిమ్మళం ఇంక దేనివల్లా కలగదని నా నమ్మకం. ముసలితనంలో పట్టిన పిచ్చి అని పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఇది ముసలితనంలో పట్టింది కాదు, నాకు నిండా పాతికేళ్ళు లేనప్పుడే పట్టింది. పట్టించింది మా అక్క.

మేం పుట్టింది జమ్మలమడుగులో. ఇంటి ముందు పంచలో నాపబండలు పరిచి ఉండేవి. వాకిలి పక్కనున్న పెద్ద బండ మీద రెండు వరసలుగా, వరసకు ఏడేసి గుంతలు. మా నాయన తల్లి, అంటే మా జేజి, కాపురానికి వచ్చిన కొత్తలో బండలు కొట్టేవాళ్ళ చేత పట్టుబట్టి తొలిపించుకుందట. పెద్దలు దాన్ని వామనగుంటలు అంటారు. మాకు అది గుంతలాట. చెక్కపీట మీద ఆడేవాళ్ళంటే జేజికి చిన్నచూపు. పీట ఈ రోజు ఉంటుంది, రేపు పొయ్యిలోకి పోతుంది, బండ అట్లా కాదు కదా అనేది.

ఆట తెలియని వాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. గుంతల్లో చింతగింజలు సమానంగా పోసుకుంటాం. మన వరసలో ఒక గుంతలోని గింజలన్నీ ఎత్తి, తర్వాతి గుంతల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక పక్క గుంతలోవి ఎత్తి మళ్ళీ సాగాలి. ఎదురుగా ఖాళీ గుంత తగిలితే దాన్ని వేలితో తుడిచి, దాని పక్క గుంతలో ఉన్నవన్నీ గెలుచుకోవచ్చు. చూడటానికి పిల్లలాటే. మా అక్కతో ఆడిన వాళ్ళకు తెలుస్తుంది, అది ఎంత పెద్దాటో. గింజలు ఎత్తకముందే ఆ చేయి ఎక్కడ ఆగుతుందో దానికి తెలిసిపోయేది. నేను ఏడ్చేదాన్ని, గింజలు వీధిలోకి విసిరేదాన్ని, మళ్ళీ నేనే పోయి ఏరుకొచ్చేదాన్ని.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నాయన బుడ్డల, అంటే వేరుశనగ కాయల, వ్యాపారం ప్రొద్దుటూరుకు మార్చి, జమ్మలమడుగు ఇల్లు పరుపులు కుట్టే ఒక సాయిబుల కుటుంబానికి అమ్మేశాడు. అక్కను ప్రొద్దుటూరులోనే బట్టల అంగడి ఉన్న ఇంటికి ఇచ్చారు. నన్ను పులివెందులలో తాలూకాఫీసు గుమాస్తాకు ఇచ్చారు. బండ సంగతి మాకెవరికీ గుర్తు రాలేదు. పెళ్ళిళ్ళ హడావిడిలో ఉన్న ఆడపిల్లలకు బండరాయి గుర్తొస్తుందా?

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారి, ఏ కాగితం ఎక్కడికి పంపాలో తెలియక మా ఇంటాయన రోజూ తల పట్టుకుంటున్న రోజుల్లో అక్కకు అమ్మవారు పోసింది. బావ అంగడి మూసేశాడు. గడపకు వేపమండలు కట్టారు. నాలుగేళ్ళ కూతురిని మాత్రం మొదటి రోజే నా దగ్గరికి పంపించేశారు. అక్క బతికింది. కళ్ళు రెండూ పోయాయి. మొహమంతా గుంటలు పడింది.

పాప నాతో కొన్ని నెలలు ఉంది. అక్క కాస్త కోలుకున్నాక ప్రొద్దుటూరు తీసుకుపోయాను. తల్లిని చూస్తే బిడ్డ ఎగిరి దూకుతుందనుకున్నాను. అక్క గోడవారగా కూర్చుని ఉంది. గొంతు వినబడీ వినబడనట్టు, ఎవరికో భయపడుతూ మాట్లాడుతున్నట్టు ఉంది. "వచ్చినావా బంగారూ" అంటూ రెండు చేతులూ గాలిలో చాపింది. పాప కెవ్వున అరిచి నా చీరలో మొహం దాచుకుంది. "ఈమె అమ్మ కాదు" అంది. ఆ మాట ఇంట్లో అందరికీ వినబడింది.

రెండు రోజులు బతిమాలాం. బెల్లం ముక్క చూపించాం, కొత్త గౌను చూపించాం. అక్క చేయి చాపితే చాలు, పాప తలుపు చాటుకు పరుగు. మూడో నాడు అక్క చేయి చాపడం మానేసింది.

"దాన్ని నువ్వే తీసుకపో" అంది నాతో.

"ఎన్ని దినాలకు?"

"దినాలు ఏంది? నీ దగ్గరే పెరగనీ. నన్ను చూసి బెదురుకుంటాంది. పసిబిడ్డను బెదిరించుకుంటా నేను ఈడ కూచోవల్లనా?"

బావ మంచివాడే కానీ మంచితనానికి నోరుండదు కదా. "నాకేమీ తోచడం లేదమ్మా, మీ అక్క ఎట్లా అంటే అట్లా" అని అంగడికి పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు అప్పటికింకా పిల్లల్లేరు, ఆ పాపంటే నాకు ప్రాణం. అయినా ఇచ్చేది తీసుకోవడానికి అదేమైనా చీర ముక్కా? నాలుగు రోజులు ఇక్కడే ఉంటానని మా ఇంటాయనకు కబురు పెట్టాను.

ఏం చేయాలో నాకూ తెలియదు. అక్కను ఆ గోడవార నుంచి ఎట్లాగైనా లేపాలి, అంతే. అంగళ్ళ వీధిలో చెక్కతో చేసిన గుంతల పీట ఒకటి కనబడితే కొనుక్కొచ్చి అక్క ఒడిలో పెట్టాను. అక్క వేళ్ళతో తడిమి పక్కన పెట్టేసింది.

"ఇవీ ఒక గుంతలేనా? దీంట్లో గింజ యాడ నిలుస్తాది? మన బండయితే నాకు కండ్లతో పనే లేకపోయె" అంది.

జబ్బు చేసిన తర్వాత అక్క నోట తనకు కావలసిన వస్తువు పేరు రావడం అదే మొదలు. అన్నం పెట్టమంటావా అంటే పెట్టు, వద్దా అంటే వద్దు, అంతవరకే దాని మాట. మరునాడు తెల్లారి మొదటి బస్సుకే జమ్మలమడుగు పోయాను.

మా ఇంట్లో ఇప్పుడు పంచ నిండా దూది. ఒక ముసలావిడ పరుపుకు కుట్లు వేస్తూ కూర్చుని ఉంది. నేనెవరో చెప్పగానే సూది పక్కన పెట్టింది.

"ఓ, ఆ చిన్నపిల్లవా నువ్వు? రా బిడ్డా, కూచో. ఏంది ఇంత దూరం వచ్చినావు?"

"అవ్వా, ఈడ గుంతల బండ ఒకటి ఉండల్ల. యాడ పెట్టినారు?"

"గుంతల బండనా? నాకు తెల్లేదు బిడ్డా. వాన నీళ్ళు నిలుస్తాండాయని పంచంతా పెరికి మళ్ళా పరిపిచ్చినారు మా పిల్లోళ్ళు. అప్పుడు నేను కూతురి కాన్పుకు పోయింటి."

పంచలో ఒక్క బండ మీదా గుంతల జాడ లేదు. పెరట్లో చూశాను, బావి దగ్గర చూశాను, బట్టలుతికే రాయిని కూడా వదలలేదు. ఎక్కడా లేదు. "పగలగొట్టి గోడలోకి ఏసుంటారు మీవాళ్ళు" అని ఆమె మీద కసురుకున్నాను కూడా. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు పోతుంది. ఆమె కోపం తెచ్చుకోకుండా లోటా నిండా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అది తాగుతూ ఉంటే నాకు ఏడుపొచ్చింది. అక్కకు ఏమని చెప్పేది?

అప్పుడే కోడలు రోలూ రోకలీ తెచ్చుకుని వాకిలి పక్కన మిరపకాయలు దంచబోయింది. ముసలావిడ గట్టిగా అరిచింది.

"ఆడ దంచొద్దంటి కదా! కింద కొక్కు గుంత చేసింది, బండ కుంగిపోతాది."

పందికొక్కు సంగతి ఎట్లా తెలుసని నేను ఊరికే అడిగాను.

"దంచితే అన్ని బండలదీ ఒక మోత, దీనిది ఒక మోత. లోపల డొల్లయిపోయింది. బోను పెట్టినాము, పొగ పెట్టినాము, ఒక్క కొక్కు గూడా బయటికి రాలేదు. శానా జాణది బిడ్డా."

లోటా కింద పెట్టి ఆ బండ దగ్గరికి పోయి కూర్చున్నాను. మిగతా వాటికన్నా వెడల్పుగా ఉంది. పైభాగం నున్నగా లేదు, ఉలి దెబ్బలతో గరుకుగా ఉంది. మా వైపు పాత బండ అరిగిపోతే ఎవరూ పారేయరు, తిరగేసి వేస్తారు. కింది మొహం పైకి వస్తుంది, ఇంకో తరం గడిచిపోతుంది. గుంతలు పడిన బండ పనికిరాదనుకుని పని చేసినవాళ్ళు దాన్ని కూడా అట్లాగే బోర్లా వేసి ఉంటారు. చేత్తో కొట్టి చూశాను. నవ్వాపుకోలేకపోయాను.

"అవ్వా, మీ కొక్కులు పద్నాలుగు ఉండాయి" అన్నాను.

ఆమె కొడుకులిద్దరూ గడ్డపారలతో బండను లేపి గోడకు నిలబెట్టారు. గుంతల నిండా మట్టి పట్టి ఉంది. మా జేజి గుంతలు, రెండు వరసలూ, ఒక్కటీ పోలేదు. ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. "ఇన్ని దినాలూ రాతికి పొగ పెట్టినామా! ఊర్లో చెప్పుకోవద్దురా" అని కొడుకులను బతిమాలింది. అక్క సంగతంతా చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"తీసుకపో బిడ్డా. దీని జాగాలో ఇంకొకటి ఏసుకుంటాము. ప్రొద్దుటూరు అంగడికి రేపు పరుపులు పోతాండాయి, బండిలో ఏసుకపోదువు" అంది. వంటింట్లోకి పోయి దోసెడు చింతగింజలు తెచ్చి నా కొంగులో పోసింది.

ఆ విధంగా మా జేజి బండ పరుపుల మీద పడుకుని ప్రొద్దుటూరు వచ్చింది. అంత సుఖంగా ప్రయాణం చేసిన బండ మా జిల్లాలో ఇంకొకటి ఉండదు. బావా, అంగట్లో మనుషులూ కలిసి దాన్ని నడవలో దించారు. ఎవరు ఏం మోసుకొచ్చారని అక్క అడగలేదు. దాని చేయి పట్టుకుని బండ మీద పెట్టాను.

వేళ్ళతో వరసలు రెండూ తడిమింది. తర్వాత చెంబుతో నీళ్ళు అడిగింది. ఒక్కొక్క గుంతలో నీళ్ళు పోసి, గోళ్ళతో మట్టి తీసి, కొంగుతో తుడిచింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. అంచు చెక్కు లేచిన ఒక గుంత దగ్గర వేలు ఆపి, "ఇది నేనే, రోకలి పడేసి" అంది. అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను చప్పుడు కాకుండా ఏడ్చాను.

గింజలు పోసి ఆట మొదలుపెట్టాం. అక్క వేళ్ళు గుంతల మీద ఇట్లా పోయి అట్లా వచ్చేవి, ఎక్కడ ఎన్ని ఉన్నాయో దానికి తెలిసిపోయేది. అయినా నాకు జాలి. మొదటి ఆటే ఓడిపోతే మళ్ళీ గోడవారకు పోతుందని భయం. కొస గుంత ఎత్తితే అక్క గింజలు చాలా భాగం నాకు వచ్చేస్తాయి. దాన్ని వదిలేసి, ఎందుకూ పనికిరాని నడిమి గుంత ఎత్తుకున్నాను.

అక్క నా వరస మీద చేయి ఆడించింది. చేయి ఆగింది.

"ఏం మే!" అని అరిచింది. ఆ అరుపుకు వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూసి ఉంటారు. "కొస గుంత ఇడిసిపెట్టి దీన్ని ఎత్తుకుంటాండావా? నాకు ముష్టి ఏస్తాండావా? కండ్లు పోయినాయి గానీ నాకు తెలివి పోలేదు! తీయి ఆ గింజలు! సక్కగా ఆడేటట్టయితే ఆడు, లేకుంటే లేసి పో!"

తిట్లు ఇంకా ఉన్నాయి, అవన్నీ రాయను. నేను తల వంచుకుని గింజలు తిరిగి పోస్తుంటే తలుపు కిర్రుమంది. పాప బయటికి వచ్చింది. కళ్ళు ఇంతింత చేసుకుని అక్కనే చూస్తోంది. ఇన్ని రోజులూ ఆ ఇంట్లో గోడవారన గొంతు తగ్గించుకుని బంగారూ, తల్లీ అన్నది పాపకు ఎవరో. ఇప్పుడు అరుస్తున్నది వాళ్ళమ్మ.

"చిన్నమ్మా, అమ్మ తిడ్తాంది" అంది నాతో, ఎంతో సంతోషంగా.

అక్క చేయి గింజల మీదే బిగుసుకుపోయింది. పిలవలేదు. చేయి చాపలేదు. పాప మెల్లగా వచ్చి నా పక్కన గొంతుకూర్చుంది. కాసేపు చూసి, వేలు ఒక గుంతలో పెట్టి, "అమ్మా, నాకు?" అంది.

అక్క మళ్ళీ ఆ తిట్టే గొంతుతోనే అంది. "ఆ పక్క ఏంటికి కూచున్యావు? మీ చిన్నమ్మకు ఆట రాదు. ఈ పక్కకు రా."

పాప బండ చుట్టూ తిరిగి పోయి అక్క ఒడిలో కూర్చుంది. గుంటలు పడిన ఆ మొహం వైపు ఒకసారి తల ఎత్తి చూసింది. తర్వాత గింజల వైపు తిరిగింది. అక్క దాని చేయి తన చేతిలోకి తీసుకుని, ఒక్కొక్క గింజా ఏ గుంతలో వేయాలో చూపించసాగింది.

ఆ ఆటలో నేను నిజంగానే ఓడిపోయాను. రెండు రోజుల తర్వాత నన్ను పులివెందుల బస్సు ఎక్కించడానికి బావ వచ్చాడు. కిటికీ పక్కన పాపకూ నాకూ చోటు పట్టుకునే అలవాటు కొద్దీ, పమిటతో రెండు సీట్లూ తుడిచాను. ఒక్కదాన్నే కూర్చున్నాను. ఏడుపు రాలేదు.