మనవాళ్ళు, చుట్టాలు

మా బావ ఈ లోకంలో చివరిగా చేసిన పని, ఒక కుర్చీని లాక్కెళ్ళి ఫ్రీజరు తలుపుకి ఆనించి పెట్టడం. మానసిక వైద్యశాల వెనక గదిలో రక్తం గొట్టాలు దాచే నిలువెత్తు ఫ్రీజరు అది. తలుపు రబ్బరు అరిగిపోయి చాలాకాలమైంది. కొత్త రబ్బరు కోసం పెట్టిన అర్జీ పరిశీలనలో ఉంది. కుర్చీ మాత్రం డ్యూటీలో ఉంది. బావ దాన్ని మోకాలితో ఒకసారి నొక్కి, "కదలకు, పొద్దున్నే వస్తా" అని చెప్పి, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. చివరి స్టాపులో కండక్టరు లేపితే లేవలేదు. ఊళ్ళోవాళ్ళ మెదళ్ళ గురించి బెంగపెట్టుకుని గుండెను పట్టించుకోలేదు. అది అలిగింది.

బావ అంటే మా అక్క భర్త. మనసు జబ్బుల డాక్టరు. ఆ జబ్బులు వంశంలో ఎలా దిగుతాయో రక్తంలో వెతికే చదువొకటుంది. దాన్ని అభివృద్ధి చెందుతున్న దేశాల శాస్త్రవేత్తలకు నేర్పుతామని పెద్ద దేశంవాళ్ళు ఒక శిక్షణ మొదలుపెట్టారు. బావ ఎంపికయ్యాడని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. పాఠ్యపుస్తకాల అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. ఏ కాగితం కనిపించినా తప్పులే వెతుకుతాను.

"బావా, 'చెందుతున్న' అంటే ఏ కాలం?"

"వర్తమానం."

"నేను పలక పట్టిన రోజుల్లోనూ వర్తమానమే. భూతకాలంలోకి మారని క్రియ మన భాషలో ఇదొక్కటే."

"ఒరే అచ్చుతప్పూ, నోరు మూసుకుని టీ తాగు."

నన్ను పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఆయన తాగే టీ కప్పులో కన్నా సాసర్లోనే ఎక్కువ ఉండేది. చెయ్యి అంతగా వణికేది. రోజూ తిన్న వెంటనే ఒక తెల్ల మాత్ర వేసుకుని చెంబెడు నీళ్ళు తాగేవాడు. ఏమిటంటే బీపీ అనేవాడు. నీలాంటి బావ ఉన్నందుకు అది నాకు రావాలి గానీ నీకెందుకొచ్చింది అనేవాణ్ణి. అక్క నవ్వేది కాదు. నా హాస్యానికి అలవాటుపడిపోయిందనుకున్నాను.

శిక్షణ ఘనంగా జరిగింది. మొదట పెద్ద హోటల్లో కూర్చోబెట్టి పరిశోధనకు ప్రతిపాదన ఎలా రాయాలో నేర్పారు. ఆ తర్వాత, అది ఎందుకు చెల్లదో నేర్పారు. మిగతాదంతా కంప్యూటరు తెర మీద. వాళ్ళు అక్కడ కాఫీ కప్పు పట్టుకుని "మీ సామర్థ్యాన్ని పెంచడమే మా లక్ష్యం" అనగానే ఇక్కడ కరెంటు పోయేది.

అప్పటిదాకా రివాజు ఏమిటంటే, రక్తం ఇక్కడ తియ్యడం, దాన్ని చదవడం అక్కడ. వ్యాసం వాళ్ళ పత్రికలో వచ్చేది. చివరిపేజీ చీమలబారులో బావ పేరుండేది, ఇంటిపేరేదో తెలియక తలకిందులు చేసి మరీ. ఈసారి బావ పంతం పట్టాడు. "మన రక్తం మన గదిలో మనమే చదవాలిరా. ఒక్కసారైనా." రక్తం చదివే యంత్రం ఇస్తామన్నారు వాళ్ళు. కాకపోతే జబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ సరిసమానంగా చేరాలి. అంగీకారపత్రం మన భాషలో ఉండాలి, దాన్ని వాళ్ళు ఒప్పుకోవాలి.

ఆ శాస్త్రంలో జబ్బున్నవాళ్ళను కేసులంటారు. పోల్చిచూడ్డానికి తీసుకునే ఆరోగ్యవంతులను కంట్రోళ్ళంటారు. పెద్ద దేశంలో ఈ మాటల వల్ల ఎవరికీ ఏ బాధా లేదు. ఇక్కడ మొదటిరోజే ఒక తల్లి, "మీ అబ్బాయిని కేసుగా రాసుకుంటామమ్మా" అన్న మాట విని బావ కాళ్ళ మీద పడింది.

"వాడేం చెయ్యలేదు బాబూ! ఒక్కడే కూర్చుని మాట్లాడుకుంటాడు, అంతే. వాడి మీద కేసెందుకు బాబూ?"

మరో తండ్రి ఏకంగా ప్లీడరును వెంటబెట్టుకొచ్చాడు. అటెండరేమో, కంట్రోళ్ళు కావలెను అని బోర్డు రాయమంటే, ఆ భాష నచ్చక "కంట్రోలు ఇచ్చట" అని రాసి గేటుకు కట్టాడు. తెల్లారేసరికి సంచులతో, రేషను కార్డులతో వీధి మలుపుదాకా క్యూ. నర్సమ్మ సూదులు పట్టుకుని బయటికి రాగానే ఒక ముసలాయన, "బియ్యానికి రక్తం కూడా తీస్తున్నారా ఈసారి?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే.

బావ నా దగ్గరికొచ్చాడు. "పండితుడివి కదా, రెండు మాటలు చెప్పు." నేను బాగా ఆలోచించి "రుజాగ్రస్తులు, ఆరోగ్యభాగ్యవంతులు" అన్నాను.

"జబ్బు నయమయ్యేలోపు ఆ మాట పలకడం రాదు వాళ్ళకి" అని లేచి వెళ్ళిపోయాడు. మర్నాటి పత్రంలో కేసులు లేవు, కంట్రోళ్ళూ లేవు. మనవాళ్ళు, చుట్టాలు అని ఉంది.

అనువాదాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పి పరీక్షించే సంఘమొకటి అక్కడ ఉందట. వాళ్ళు అదిరిపడ్డారు. చుట్టాల రక్తం పోలికకు పనికిరాదు, ఇది శాస్త్ర ప్రాథమిక సూత్రం, ఈ శిక్షణార్థికి మరో శిక్షణ అవసరం అని రాశారు. తెర మీద విచారణ జరిగింది. కెమెరాకు కనబడకుండా నేను పక్కనే కూర్చున్నాను.

"మేడమ్, మా భాషలో చుట్టమంటే వచ్చి, మంచినీళ్ళు తాగి, వెళ్ళిపోయేవాడు కూడా. రక్తసంబంధమే ఉండక్కర్లేదు" అన్నాడు బావ.

"మరి మనవాళ్ళంటే?" అంది తెరలోని ఆవిడ.

"వెళ్ళిపోవడానికి వీల్లేనివాళ్ళు" అన్నాడు బావ.

ఆవిడ అది రాసుకుంది. సంఘం తీరిగ్గా ఆలోచించి ఒప్పుకుంది.

మనవాళ్ళు దొరికారు. వాళ్ళకేం కొదవ? చుట్టాలే కరువయ్యారు. తనకు పిచ్చి లేదని సంతకం పెట్టడానికి ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాల్లేదు. బావ మంగలిని పట్టాడు, బస్సు కండక్టరును పట్టాడు, చివరికి నన్ను పట్టాడు. నర్సమ్మ నాకు ప్రశ్నలు వేసింది.

"ఎప్పుడైనా కారణం లేకుండా పట్టరాని సంతోషం కలిగిందాండీ?"

"కారణం ఉన్నా కలగలేదు సిస్టర్."

"రాసుకోండి సిస్టర్, చుట్టమే. ఎప్పుడు వెళ్తాడో అడగండి" అన్నాడు బావ వెనకనుంచి.

చెయ్యి చాపి రక్తమిస్తూ నేనూ అంటించాను. "ఊరందరి రక్తం తాగుతున్నావు, నీదొక్కటీ దాచుకుంటావేం బావా? ఒక చుట్టం తగ్గాడని ఏడుస్తున్నావుగా?"

"నేను చుట్టాన్నెలా అవుతానురా? ఇంటివాణ్ణి" అన్నాడు. మామూలు వెటకారమేననుకుని నవ్వేశాను.

ఆయన పోయిన కొన్నాళ్ళకు ఆ శిక్షణవాళ్ళ నుంచి కబురొచ్చింది, సంతాపం కాదు, అభినందన. బావ భావి నాయకుల తరగతికి ఎంపికయ్యాడట. జుట్టంతా నెరిసినవాడికి భావి! మన వర్తమానం పూర్తవదు, భవిష్యత్తు తప్పదు. అక్క జవాబు రాయమంటే రాశాను. అప్పుడు సంతాపం కూడా వచ్చింది, పేరు తలకిందులుగానే. వెనకాలే యంత్రం వచ్చింది. ఫ్రీజరు రబ్బరు కూడా కాగితం మీద మంజూరైంది. మనిషి కదలడం మానేస్తే గానీ కాగితం కదలదు కాబోలు.

యంత్రాన్ని మొదటిసారి నడిపేరోజు అక్కనూ నన్నూ పిలిచారు. అక్క వరండాలోనే కూర్చుంది. బావ దగ్గర పని నేర్చుకున్న డాక్టరమ్మ యంత్రం ముందు చెమటలు తుడుచుకుంటోంది. నర్సమ్మ కుర్చీ జరిపి ఫ్రీజరు తెరిచి, పైఅరలోంచి ఒక గొట్టం తీసింది.

"ఇది సార్‌ది. మొదట ఇదే పెట్టమన్నారండీ. 'కొత్త చేతులు, మొదటిది పాడవుతుంది, వేరేవాళ్ళది పాడుచెయ్యొద్దు, నాది పెట్టండి' అని ఎప్పుడో చెప్పారు."

రక్తం ఇచ్చాడన్నమాట. నాతో చెప్పనేలేదు. ఒక చుట్టం తగ్గాడని అంత గోల చేసి, గుట్టుగా తానే లెక్క సరిచేశాడనుకున్నాను.

"అయితే ఆయనా మా చుట్టాల అరలోనే ఉన్నాడా సిస్టర్?"

నర్సమ్మ నా వైపు, తర్వాత వరండాలో ఉన్న అక్క వైపు చూసింది.

"చుట్టాలది కింది అరండీ" అంది. "సార్ చదువుకునే రోజుల్నుంచీ మాత్రలు వాడేవారు కదా. మీకు తెలుసనుకున్నాను. ఇది మనవాళ్ళది. అందులో మొదటి గొట్టం ఆయనదే."