రాయుడు గారి కాగితాల్లో ‘మనిషి’

2023 ఎండాకాలంలో జరిగింది ఇది. అనంతపురం పాతూరులో ఒక ట్రస్టు నడిపే గ్రంథాలయం, దాని పైఅంతస్తులో నా గది. పైన రేకులు, కింద బండలు, మధ్యలో నేనూ నా అట్టపెట్టెలూ. ఉద్యోగం పేరు ఆర్కైవిస్టు. మా వీధిలో మాత్రం నేను ‘పాత పేపర్ల మేడమ్’ని. ఒకావిడ నేను పాత పేపర్లు కిలోల లెక్కన కొంటాననుకుని సంచీ నిండా తెచ్చి గుమ్మంలో పెట్టింది కూడా. వద్దంటే బేరమాడుతున్నాననుకుంది.

ఒకరి జీవితంలో పోగుపడిన ఉత్తరాలు, ప్రసంగాలు, ఫోటోలు, రసీదులు అన్నిటినీ కలిపి మా వృత్తిలో పర్సనల్ పేపర్స్ అంటాం. వాటిని దుమ్ము దులిపి, చిరిగినవి అతికి, ఏది ఏమిటో వివరం రాసి, చదవాలని వచ్చేవాళ్ళకు అందించడం నా పని. ఈ పనిలో చెదలకు భయపడతాం, ఎలుకలకు భయపడతాం. చెమ్మకూ భయపడాలని పాఠాల్లో ఉంది గానీ మా జిల్లాలో ఆ భయం లేదు, వాన పడితే కదా! ఇన్నేళ్ళలో నేను మనుషులకు భయపడి వణికింది మాత్రం రాయుడు గారి కాగితాల దగ్గరే.

పేర్లు, ఊళ్ళు, వృత్తులు అన్నీ మార్చి రాస్తున్నాను. ఎవరైనా గుర్తుపట్టామనుకుంటే పొరబడినట్టే.

రాయుడు గారిది చిలమత్తూరు వైపు పల్లె, పొలాలూ పరపతీ ఉన్న ఇల్లు. పెళ్ళి చేసుకోలేదు. ఆచారం, గుడి, ఉమ్మడి కుటుంబం, కట్టుబాటు, ఇవే ఆయన రాజకీయం. ఎన్నికల్లో ఎప్పుడూ నిలబడలేదు, నిలబడినవాళ్ళకు మాటలు రాసిచ్చాడు. మైకు ముందు నిలబడితే వక్కాకు నమిలేవాళ్ళు కూడా నమలడం ఆపి వినేవాళ్ళు. నాకు మాత్రం ఆయనంటే గిట్టేది కాదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఆడపిల్లల బట్టల మీద ఆయన ఇచ్చిన ఉపన్యాసం మధ్యలో లేచి బయటికి వచ్చిన పిల్లల్లో నేనొకదాన్ని.

చనిపోవడానికి ఏడాది ముందు ఆయనే ఆటోలో ధర్మవరం చీరల పెట్టెలు వేసుకుని వచ్చాడు. మెట్లెక్కేసరికి ఆయాసం. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను.

“ఇవి నా కాగితాలమ్మా. మా ఇంటోళ్ళ చేతికిస్తే పొయ్యిలో పెడ్తారు. నువ్వు పెట్టుకో.”

“మీవాళ్ళు మీ ప్రసంగాలంటే ప్రాణం పెడతారు కదా సార్. ఎందుకు కాలుస్తారు?”

“ప్రసంగాలొగటే గాదమ్మా ఉండేది,” అన్నాడు. “నాకు ధర్మవరంలో ఒగ మనిషి ఉండాడు. నాగభూషణమని, మగ్గం నేస్తాడు. నాకు ఇల్లన్నా ఆలన్నా ఆయనే. ఆయప్ప బతికుండే దాకా ఈ పెట్టెలు ఎవురికీ చూపగూడదు. ఆ మాట రాసుకో, సంతకం పెడ్తా.”

మీటింగుల్లో జనం ‘బ్రహ్మచారి, దేశానికే అంకితం’ అని చెప్పుకునే ఆయన ఎదురుగా కూర్చుని, రేషన్ కార్డులో పేరు చెప్పినంత మామూలుగా ఆ మాట చెప్పాడు. దానపత్రంలో అలాగే రాశాను. ఇలా కొంతకాలం ఎవరికీ చూపకుండా మూసి ఉంచడాన్ని మేం క్లోజర్ అంటాం. ఆయన చదువుకుని, ‘బతికుండే దాకా’ అన్నచోట వేలు పెట్టి ఇంకోసారి చదివి, సంతకం చేశాడు.

ఆయన పోయాక పెట్టెలు విప్పాను. మా పనికి ఒక కట్టుబాటు ఉంది, ఒరిజినల్ ఆర్డర్. కాగితాలను ఆ మనిషి ఏ వరసలో పెట్టుకున్నాడో ఆ వరస చెడగొట్టకూడదు, ఎందుకంటే ఆ వరస కూడా ఆయన చెప్పిన మాటే. రాయుడు గారి వరస ఇది: ఒక ప్రసంగం, దాని వెనకే నాగభూషణం రాసిన ఒక ఉత్తరం, మళ్ళీ ప్రసంగం, మళ్ళీ ఉత్తరం. ప్రతి ప్రసంగం అంచున పెన్సిలుతో ఒక ముక్క ఉండేది. ‘హిందూపురం సభ. నా మనిషి వచ్చినాడు. ధైర్యమొచ్చింది.’ ‘కదిరి. మనిషి రాలేదు. మాట పెగల్లేదు.’ ‘లేపాక్షి. మనిషి వెనక వరసలో కూచున్యాడు. నేను ఆ వరసకే చెప్పినా.’

ఉత్తరాల్లో ఏముందో ఇక్కడ రాయను. ఆలుమగల మధ్య ఉత్తరాల్లో ఏముంటుందో అదే ఉంది. నేను గది తలుపు వేసుకుని చదివాను. చదువుతున్నంత సేపూ మెట్ల మీద చప్పుడయితే చాలు, కట్ట పెట్టెలో పెట్టి మూత వేసేదాన్ని. రాయుడు గారి ఇంట్లో కులం కాని వాణ్ణి చేసుకున్న పిల్ల మొగుడికి ఏం జరిగిందో మా వైపు తెలియనివాళ్ళు లేరు. అతను ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. ఇక ఇది తెలిస్తే నాగభూషణాన్ని ఏం చేస్తారోనని నాకు అన్నం సయించేది కాదు.

ఫోటోల్లో ఎవరెవరున్నారో చెప్పడానికి తెలిసినవాళ్ళు కావాలి. అందుకని నాగభూషణానికే కబురు పెట్టాను. బక్కపలచని మనిషి, అరవై దాటాయి, మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము వంగింది. కూతురింట్లో ఉంటాడు. వచ్చిన ప్రతిసారీ కుర్చీ అంచున కూర్చునేవాడు, లేచి పోవడానికి సిద్ధంగా.

ఒకరోజు ఒక ప్రసంగం చిత్తుప్రతి చూపించాను. ఇద్దరు మగవాళ్ళ మధ్య సంబంధం నేరం కాదని పెద్ద కోర్టు చెప్పినప్పుడు రాయుడు గారు రాసింది. చట్టం ఒప్పుకుంటే ఆచారం ఒప్పుకున్నట్టు కాదని అందులో గట్టిగానే వాదించాడు. దానిలో అక్షర దోషాలు దిద్దింది నాగభూషణం చేయి. ఒకచోట ‘ఇదొక రోగం’ అన్న వాక్యం మీద అడ్డగీత ఉంది.

“ఇట్లాంటిది మీరెలా దిద్దినారన్నా?” అని అడిగాను. నా గొంతులో కోపం నాకే వినబడింది.

ఆయన కాగితం మీది గీతను బొటనవేలితో తడిమాడు. “ఈ ఒగ మాట వద్దంటి. సరేలే అన్యాడు. అచ్చులో గూడా ల్యాకుండ జేసినాడు సూడండి.”

“మిగతాదంతా?”

“మిగతాది ఆయన నమ్మినాడు మేడమ్. గుడిని నమ్మినాడు, ఆచారాన్ని నమ్మినాడు. నన్ను గూడా నమ్మినాడు. యాదీ ఇడిసిపెట్టల్యా. ఆ బరువు మోసేది సూసింది నేనొగన్నే.”

నాకు ఒప్పుదల కాలేదు, ఇప్పటికీ కాలేదు. అంత మాటకారి ఒక్కసారైనా తన పక్షాన తాను మాట్లాడి ఉంటే ఎంతమందికి ఊరటగా ఉండేదో అనిపిస్తుంది. కానీ ఎదురుగా ఉన్న ఆ మనిషితో వాదించబుద్ధి కాలేదు.

అదిగో అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. రాయుడు గారి అన్నకొడుకు ప్రతాప్ ఇద్దరు మనుషులను వెంటేసుకుని లోపలికి వచ్చాడు. బెంగళూరులో స్థలాల వ్యాపారం చేసి, ఎన్నికల గాలి తగిలి ఊరికి తిరిగొచ్చినవాడు. చేతికి రాగి కడియం, నుదుట బొట్టు, చెవి దగ్గర ఫోను.

“నమస్తే మేడమ్. చిన్నాయన కాగితాలు ఈడ ఉండాయంట. సంస్మరణ సంచిక ఏస్తాండాం. ప్రసంగాలు గావాల.”

“అచ్చయినవి కింద రీడింగ్ రూములో ఉన్నాయి, జిరాక్స్ ఇస్తాను. ఈ పెట్టెలు మాత్రం దానపత్రం ప్రకారం క్లోజర్‌లో ఉన్నాయి. ఎవరికీ చూపకూడదు.”

“ఎవురికీ అంటే బయటోళ్ళకు. నేను కొడుకట్లాటోన్ని గదా,” అని నవ్వి, బల్ల మీద విప్పి ఉన్న కట్ట చేతిలోకి తీసుకున్నాడు.

లాక్కోవచ్చా? లాక్కుంటే అనుమానం. ఊరుకుంటే అంతా తెలిసిపోతుంది. అతను పై కాగితం చూశాడు, ప్రసంగం. అంచున పెన్సిలు రాత చూసి పైకి చదివాడు. “‘ధర్మవరం సభ. నా మనిషి వచ్చినాడు. ఆయప్ప ఉంటే నాకు వెయ్యిమంది ఉన్నట్టే.’”

ఆ కాగితం కింద ఏముందో నాకు తెలుసు. నీలం ఇన్‌లాండ్ ఉత్తరం అంచు బయటికి కనబడుతోంది. వరస చెడగొట్టకూడదన్న నా కట్టుబాటే ఆ ఉత్తరాన్ని అక్కడ ఉంచింది. మామూలుగా ఎవరైనా ఉత్తరాలు ఒకచోట, ప్రసంగాలు ఒకచోట సర్దేవాళ్ళు. నేను సర్దలేదు. ప్రతాప్ వేలు నాలుకకు తాకించుకుని కాగితం తిప్పబోయాడు.

“అన్నా, వద్దు, పాతవి, చిరుగుతాయి...” అన్నాను.

“జాగర్తగానే తిప్తా మేడమ్. ఎవురబ్బా ఈ మనిషి? మా చిన్నాయన ఇంత నమ్మకం పెట్టుకున్యాడంటే...” కాగితం మూల అతని వేళ్ళ మధ్యకు వచ్చేసింది.

“నేనేప్పా.”

నాగభూషణం లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకోలేదు, తల దించలేదు. అంత నిటారుగా ఆయన నిలబడగలడని నాకు తెలియదు.

ప్రతాప్ తలెత్తాడు. “నువ్వెవురప్పా?”

“రాయుడుగారి మనిషిని. ధర్మవరం. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన మనిషినే. ఇప్పుడూ ఆయన మనిషినే.”

నేను ప్రతాప్ ముఖం వైపు చూడలేకపోయాను. అతని వెంట వచ్చిన ఇద్దరి చేతుల వైపు చూశాను. దెబ్బ మొదలయ్యేది అక్కడి నుంచే.

ప్రతాప్ కట్టను బల్ల మీద పెట్టేశాడు. నాలుగడుగుల్లో వచ్చి నాగభూషణం రెండు చేతులూ పట్టుకున్నాడు.

“సూడండిరా,” అన్నాడు తన వాళ్ళతో. “మనిషంటే ఇట్లుండాల. నాయకుడు పోయినా పార్టీ మారకుండ, ఆయన పేరు జెప్పుకోని నిలబడేటోడు. మీరుండారు, పొద్దునొగరెనక, సందకాడొగరెనక!”

మా సీమలో ‘ఫలానా వాళ్ళ మనిషి’ అంటే అనుచరుడు, అవసరమైతే ప్రాణమిచ్చేవాడు. ప్రతాప్ పుట్టినప్పటి నుంచీ ఆ మాటకు ఆ ఒక్క అర్థమే విన్నాడు. ఇంకో అర్థం ఉంటుందని అతని ఊహకు కూడా అందలేదు. నాగభూషణం చెప్పిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

“అన్నా,” అన్నాడు ప్రతాప్, ఈసారి గొంతు మార్చి, “మా చిన్నాయన ఒంటిగానే బతికిపాయనే అని మా నాయన ఇప్పటికీ బాధపడ్తాంటాడు. ఒంటిగానే ఉన్యాడా?”

“ల్యా,” అన్నాడు నాగభూషణం. “ఒంటిగా ఉండనీల్యా నేను.”

ప్రతాప్ కళ్ళు తుడుచుకున్నాడు. సంచిక విడుదల సభకు వేదిక మీదికి రావాలని రెండుసార్లు చెప్పాడు. కిందికి దిగి, అచ్చయిన ప్రసంగాల జిరాక్సులు తీసుకుని వెళ్ళిపోయాడు. బండి వీధి మలుపు తిరిగిన చప్పుడు వినబడే దాకా మేమిద్దరం కదలలేదు. నేను లేచి తలుపు గడియ పెట్టాను.

నాగభూషణం కుర్చీలో కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట, పళ్ళు టకటకమంటున్నాయి. నీళ్ళ గ్లాసు నేనే పట్టుకుని తాగించాను.

“ఎందుకట్లా లేచినారన్నా? అతనికి ఇంకోరకంగా అర్థమై ఉంటే?”

“ఆ కాగితం తిప్పుంటే నా ఉత్తరమే గదా మేడమ్. ఎట్లయినా తెలిసేదే గదా, నా నోటితోనే తెలియనీలే అనుకున్యా. ఆయప్పకు ఇట్ల తోస్తాదని నేను అనుకుంటినా?” మళ్ళీ కాసిని నీళ్ళు తాగి, మెల్లగా అన్నాడు. “ఇన్నేండ్లలో నలుగురి ముందర ఆ మాట అనింది ఇదే. ఇనేదానికి ఆయన ల్యా పో.”

నేను ముఖం పక్కకు తిప్పుకుని ఏడ్చాను. ఆయన ఏడవలేదు. ఎవరెవరో చెప్పమని నేను పక్కన పెట్టిన ఫోటో తీసుకుని, “ఇది కదిరి తేరునాడు దిగింది,” అని పనిలో పడ్డాడు.

సభకు ఆయన వెళ్ళలేదు, జ్వరమని కబురు పంపాడు. ఇప్పుడా పెట్టెలు తాళం లోపల ఉన్నాయి. వరస మార్చలేదు. ట్రస్టువాళ్ళు ఎప్పుడు తెరుస్తారని అడిగితే, ఆలస్యమయ్యే కొద్దీ నాకు సంతోషం అంటాను, వాళ్ళకు అర్థం కాదు. ఈ అనుభవం రాస్తానని అడిగినప్పుడు నాగభూషణం ఒకటే షరతు పెట్టాడు. “పేర్లు మార్చుకో మేడమ్. ఆ మాట మాత్రం మార్చాకు.”

మార్చలేదు. పోయినవాళ్ళ కాగితాలు కాపాడటమే నా పని అని ఇరవై ఏళ్ళు నమ్మాను. ఇప్పుడు ఎవరైనా పెట్టె తెచ్చి నా బల్ల మీద పెడితే మూత తీయకముందే అడుగుతున్నాను: ఇందులో ఇంకా బతికున్నవాళ్ళెవరు?