ముసుగు దొర చెల్లెలు

నూజివీడు జనమంతా ఒక్కసారిగా నోరు తెరిచి, తెరిచిన నోరు మూయడం మరిచిపోయిన సాయంత్రం ఒకటుంది. దానికి కారకుణ్ణి నేనే. ఎక్కడా నిప్పంటుకోలేదు, వరద రాలేదు, మామిడి పూత మీద వడగళ్ళు పడలేదు. నేను మాట్లాడాను, అంతే. ఇప్పటికీ నా ఈడువాళ్ళు కొందరు బజార్లో నన్ను చూడగానే కండువా అంచు నోట్లో కుక్కుకుంటారు. "ఎందుకు తాతయ్యా, వాళ్ళలా చేస్తారు?" అని మనవలు అడిగితే, "ఎండకి దగ్గురా" అని చెప్పి తప్పించుకుంటాను. మీకు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్త. నాకు ఇరవై దాటి ఉంటాయి. మాది మామిడికాయల వ్యాపారం. వేసవి వచ్చిందంటే మా ఇంట్లో మనుషులకంటే మామిడి బుట్టలకే చోటెక్కువ. మా నాన్న కాయను నొక్కి చూసినట్టు అప్పుడప్పుడూ నా భుజం నొక్కి చూసి, "ఇంకా మాగలేదు" అని పెదవి విరిచేవారు. నా పేరు సత్యనారాయణ. ఊరంతా సత్యం అనేవాళ్ళు. ఆ పేరు పెట్టిన పురోహితుడు నా సంగతి ముందే తెలిసి ఉంటే ఇంకేదైనా పెట్టేవాడు.

నాకు ఇంగ్లీషు స్టంటు సినిమా బొమ్మలంటే పిచ్చి. మామూలు పిచ్చి కాదు. ఆ బొమ్మల్లో ముసుగేసుకున్న వీరుడొకడు ఉంటాడు. పోలీసులు చేతగాక కూర్చుంటే, దొంగల అంతు తనే తేలుస్తాడు. గదినిండా దొంగలు మీద పడతారు. కుర్చీలు విరుగుతాయి, బల్లలు విరుగుతాయి, ఆయన టోపీ మాత్రం నెత్తి మీంచి ఇసుమంత కదలదు. పిస్తోలు ఎన్నిసార్లు పేల్చినా గుళ్ళు అయిపోవు. ఆయన కారు కొండ మీంచి పడి భగ్గుమంటుంది. మనం ఇంటికెళ్ళి ఆ దిగులుతో అన్నం మానేస్తాం. మర్నాడు చూస్తే, కారు పడకముందే ఆయన పక్కనున్న పొదలోకి దూకేశాడట! ఆ దూకడం నిన్న మాకెందుకు చూపించలేదని ఒక్కరూ అడగరు. అలా అడిగేవాడు అసలు సినిమా డేరాలోకి రాకూడదు.

ఈ వీరులంతా అమెరికావాళ్ళ బొమ్మల కథల పుస్తకాల్లోంచి పుట్టుకొచ్చినవాళ్ళే. అలాంటి పుస్తకం ఒకటి, పటాలంలో పనిచేసి వచ్చిన మా స్నేహితుడి అన్న దగ్గర్నుంచి నా చేతికొచ్చింది. అందులో వీరుడు పగలు పళ్ళ డాక్టరు. చీకటి పడితే నల్ల ముసుగు తగిలించుకుని దొంగల పళ్ళు రాలగొడతాడు. చివరి కాగితాలు చిరిగిపోయాయి. ఇంగ్లీషులో నాకున్న పాండిత్యం ఎలాంటిదంటే, స్కూలు ఫైనలు పరీక్షలో నా జవాబులు చదివి మా మాస్టారు కంటతడి పెట్టారు. అయినా బొమ్మలు చూసి కథంతా అర్థం చేసుకున్నాననే నా నమ్మకం.

ఆ వేసవిలో మా ఊళ్ళో డేరా వేసిన టూరింగు టాకీసులోకి సరిగ్గా ఆ ముసుగు వీరుడి బొమ్మే వచ్చింది! చాలా పొడుగు బొమ్మ కావడంతో మూడు సాయంత్రాలు ముక్కలు ముక్కలుగా ఆడిస్తామన్నారు. ఏ రోజు రీళ్ళు ఆ రోజే బెజవాడ నుంచి బస్సులో రావాలి. కరపత్రం మీద ఆ ముసుగు చూసి నేను బజార్లోనే గంతులేశాను.

ఆ రోజుల్లో ఇంగ్లీషు బొమ్మ ఆడుతుంటే తెర పక్కన ఒక మనిషి మైకు పట్టుకు నిలబడి కథ తెలుగులో చెప్పేవాడు. మా డేరాలో ఆ పని భూషణానిది. సరిగ్గా ఆ రోజే అతని గొంతు పోయింది. డేరా యజమాని వీరాస్వామి గారు మా కొట్టుకు పరుగెత్తుకొచ్చారు.

"సత్యం బాబూ, నీకు ఈ బొమ్మ కథ తెలుసంట కదా?"

"తెలియడమేంటండీ, పుస్తకమే చదివాను."

"ఇంగ్లీషు పుస్తకమా?"

"మరి?" అన్నాను, కాలర్ సర్దుకుంటూ.

"అయితే నువ్వే చెప్పాలి. ఒక్క మాట మాత్రం. పోస్టర్లో ఆ ముసుగువాడి పక్కన ఒక దొరసాని పిల్ల ఉంది. ఆ పిల్ల ఎవరు? వరసా వావీ లేకుండా మొగాడి పక్కన కార్లో తిరిగితే మనూరి ఆడవాళ్ళు రెండోరోజు రారు. ఆడవాళ్ళు రాకపోతే నేను డేరా ఎత్తేసుకోవాల్సిందే."

నేను పుస్తకంలో బొమ్మలు గుర్తుచేసుకున్నాను. ఆ పిల్ల ఆయనకి కాఫీ ఇస్తోంది. దెబ్బ తగిలితే కట్టు కడుతోంది. కేకలేస్తోంది. ఇదంతా మా అక్క నాకు చేసేదే.

"చెల్లెలండీ" అన్నాను.

"చెల్లెలా! నా తండ్రే!" అని వీరాస్వామి గారు నన్ను కౌగిలించుకున్నారు.

ఇక చూడండి. మొదటి సాయంత్రం మైకు పట్టుకోగానే నాలో ఎవరో పూనారు. వీరుడికి ముసుగు దొర అని పేరు పెట్టాను. ఆ పిల్లకి చిట్టి అని పెట్టాను. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే, ముసుగు దొర చిట్టిని భుజాన వేసుకుని పెంచాడన్నాను. "అమ్మా నాన్నా నువ్వే కదా అన్నయ్యా!" అని చిట్టి గొంతుతో ఏడ్చాను. అప్పుడు తెర మీద ఆ పిల్ల నిజానికి టెలిఫోనులో ఎవరినో కసురుతోంది. అయినా ఆడవాళ్ళ వైపు నుంచి ముక్కులు చీదిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నా తలకెక్కింది.

రెండో సాయంత్రానికి జనం డేరాలో పట్టలేదు. అన్నలు చెల్లెళ్ళని తీసుకొచ్చారు. సోడాల కోటయ్య అయితే, పొలం గట్టు తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని సొంత చెల్లెల్ని జి. కొండూరు నుంచి బండి కట్టించి రప్పించాడు. నా చేతులు పట్టుకుని, "నా కళ్ళు తెరిపించావురా సత్యం" అన్నాడు. నేను పెద్దమనిషిలా తల పంకించాను.

సరిగ్గా అప్పుడే నాకు బాపులపాడు నుంచి ఒక సంబంధం నడుస్తోంది. వెంకటరత్నం గారని, బెజవాడకి మామిడికాయలు ఎగుమతి చేసే పెద్ద వ్యాపారి. పిల్ల పేరు రాజ్యం. పెళ్ళిచూపులయ్యాయి. మా ఇల్లూ వాకిలీ చూసుకుని మాట ఖాయం చేద్దామని మూడో రోజు మధ్యాహ్నం ఆయన నూజివీడు వచ్చారు. కాఫీ తాగుతూ, "ఊరంతా మీవాడి గురించే చెప్పుకుంటున్నారండీ. ఆ ముసుగు దొరని మేమూ చూసి వెళతాం" అన్నారు.

మా నాన్న కంగారుపడ్డారు. "ఎందుకులెండి బావగారూ, అదంతా కుర్రతనం."

"అన్నాచెల్లెళ్ళ కథంట కదా. మా ఆడవాళ్ళూ చూస్తారు. ఎలాగూ మా అమ్మాయి ఈ ఊళ్ళోనే వాళ్ళ మేనత్త ఇంట్లో ఉంది."

ఆ మాట వినగానే నా ఛాతీ ఉబ్బింది. ఈ సాయంత్రం డేరాలో కన్నీళ్ళు కాలవలు కట్టాలి అనుకున్నాను. ఆఖరి రీళ్ళ బస్సు ఆలస్యంగా రావడంతో నేనుగాని వీరాస్వామి గారుగాని ఒక్క ముక్క ముందు చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరమేమిటి? కథ నాది కదా!

ఆట మొదలైంది. ముందు కుర్చీల్లో వెంకటరత్నం గారు, మా నాన్న. తడిక అవతల ఆడవాళ్ళు. చిట్టిని దొంగలు గుహలో కట్టేశారు. "అన్నయ్యా!" అని నేను పెట్టిన కేకకు బయట జట్కా గుర్రం బెదిరిందట. ముసుగు దొర ఊడిపడ్డాడు. ఒక్కొక్కడికీ పళ్ళు రాలాయి. చిట్టి కట్లు విప్పాడు. జనం ఈలలు.

"చూడండమ్మా, చూడండయ్యా! ఈ లోకంలో అన్నంటే ఇలా ఉండాలి! ఇప్పుడు అన్న చెల్లెల్ని దగ్గరికి తీసుకుని…" అన్నాను.

ముసుగు దొర చెల్లెల్ని దగ్గరికి తీసుకున్నాడు. ముసుగు తీసేశాడు. తీసేసి, తెర నిండా, ఇంత మేర, మూతి మీద ముద్దు పెట్టుకున్నాడు.

డేరాలో చప్పుడు ఆగిపోయింది. ఈల వేయబోయిన కుర్రాడు వేళ్ళు నోట్లో అలాగే పెట్టుకు కూర్చున్నాడు. వెనకాల కరెంటు ఇంజను టకటకమని కొట్టుకోవడం ఒక్కటే వినబడుతోంది. పాడు ముద్దు, ఎంతసేపటికీ పూర్తికాదు!

"సత్యం! ఏంట్రా అది?" అన్నాడు కోటయ్య లేచి నిలబడి.

నేను మైకులోకి ఏడుపు గొంతు పెట్టాను. "అయ్యో! చిట్టిని పాము కరిచిందండీ! అన్న విషం లాగేస్తున్నాడు!"

"పామెక్కడుందయ్యా?"

"రాళ్ళ సందుల్లో ఉందండీ. మీకు కనబడదు."

"మూతి మీద కరిచిందా?" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ.

"ఇంగ్లీషు పాములు అక్కడే కరుస్తాయి మామ్మగారూ!"

మీరు నమ్మరు, కొందరు అప్పటికి సర్దుకున్నారు. "పాపం" అని కూడా అన్నారు. అంతలో తెర మీద గంటలు మోగాయి. చర్చి కనబడింది. తెల్లబట్టల్లో చిట్టి.

నాకు ఊపిరొచ్చింది. "చిట్టి ఇక లేదండీ! విషం ఎక్కేసింది! తెల్లబట్ట కప్పారు, చావు గంట మోగిస్తున్నారు!" అని భోరుమన్నాను. తడిక అవతల నిజంగానే ఏడుపులు లేచాయి. వెంకటరత్నం గారు కూడా కండువాతో కళ్ళొత్తుకున్నారు.

అప్పుడు చిట్టి చేతిలో పూలు పట్టుకుని నవ్వుతూ నడిచింది.

"నడుస్తోందేంటయ్యా!"

"ఆత్మండీ!"

"నవ్వుతోందేం?"

"పుణ్యాత్మురాలండీ!"

ముసుగు దొర సూటు వేసుకుని ఎదురొచ్చాడు. పాదిరీ ఏదో చదివాడు. ముసుగు దొర ఆ ఆత్మ వేలికి ఉంగరం తొడిగాడు. ఆపైన, నా పాలిటి యముడు, మళ్ళీ ముద్దు పెట్టుకున్నాడు.

"ఇప్పుడు ఏ పామురా?" అని అరిచాడు కోటయ్య. "జి. కొండూరు నించి మా చెల్లెల్ని బండి కట్టించి తీసుకొచ్చానురా, దీనికోసమా!"

ఇక డేరా అంతా లేచింది. ఆడవాళ్ళు పిల్లల కళ్ళు మూసి బయటికి లాక్కుపోయారు. బెంచీలు బోర్లాపడ్డాయి. వీరాస్వామి గారు ఇంజను ఆపించి, చీకట్లో "వాడు మావాడు కాదు! మావాడికి గొంతు పోయింది!" అని అరుస్తున్నారు. మా నాన్న కండువా తీసి ముఖానికి ముసుగేసుకుని వెనక దారిన నడిచారు. నేను తెర కిందనుంచి పాకి బయటపడి, మా గోదాములో గడ్డి బుట్టల మధ్య దూరాను.

పొద్దున్నే వెంకటరత్నం గారు వచ్చారు. బుట్టల సందులోంచి నాకు అరుగు కనబడుతోంది. మా నాన్న చేతులు జోడించారు.

"తప్పైపోయింది బావగారూ. మీ దారిన మీరు వేరే సంబంధం చూసుకోండి. మావాడు ఊరంతటి ముందూ అబద్ధాలాడాడు."

"అబద్ధాలాడాడా!" అని వెంకటరత్నం గారు కళ్ళు పెద్దవి చేశారు. "అదేం మాటండీ? తెరంత బొమ్మ కళ్ళెదురుగా కదులుతుంటే, ఆ పిల్ల పోయిందని చెప్పి ఊరంతటినీ ఏడిపించాడు! నేనూ ఏడ్చానండీ! నా వ్యాపారంలో ఇన్నేళ్ళూ పులుపుకాయని తీపని ఒప్పించడానికి నానా తిప్పలూ పడుతున్నాను. మీవాడు నాటుకాయని చేతిలో పెట్టి బంగినపల్లని అమ్మేస్తాడు. ఇలాంటి అల్లుణ్ణి వదులుకుంటానా? ముహూర్తం పెట్టించండి."

మా నాన్న అరుగు మీద కూలబడ్డారు. ఆ ముద్దు చూసినప్పటికంటే కూడా ఎక్కువగా అదిరిపోయారు. "మావాడా? మా సత్యమా?" అని రెండుసార్లు అడిగారు.

పెళ్ళయింది. జీలకర్రా బెల్లం పెట్టే వేళ, మా ఇద్దరి మధ్యా తెర. బాజాలు హోరెత్తుతున్నాయి. తెర అవతల నుంచి రాజ్యం మెల్లగా అంది: "నేను బందరులో ఇంగ్లీషు చదువుకున్నాను. మూడు రోజులూ వచ్చాను."

నేను తెరకి దగ్గరగా వంగాను.

"మొదటి రోజు ఆ అమ్మాయి ఆయనతో అన్న మొదటి మాట ఏంటో తెలుసా అండీ?"

"అన్నయ్యా అని" అన్నాను నేను. ఇంకా పట్టు వదల్లేదు చూడండి.

"'మీరెవరు?' అని అడిగింది. సొంత అన్న ఎవరో తెలియని చెల్లెలు ఉంటుందా?"

వెంటనే ఆమే అంది: "సినిమాలో కూర్చున్నంతసేపూ నోరు విప్పనని అగ్నిసాక్షిగా ఒట్టేయండి. లేకపోతే ఈ తెర దించనివ్వను."

పురోహితుడు మంత్రం చదువుతున్నాడు. మా నాన్న చూస్తున్నారు. ఊరంతా అక్షింతలు పట్టుకుని నిలబడింది. వేశానండీ ఒట్టు! సమస్త దేవతల సాక్షిగా, ఏ భాష బొమ్మయినా, ఏ ముసుగువాడు ఎవరిని ముద్దు పెట్టుకున్నా, నా పెదవి కదలదని. అప్పుడు తెర దిగింది.

ఆ ఒట్టు ఇప్పటికీ తప్పలేదు. ఏలూరు హాల్లో ఓసారి మా ముందు వరసాయన పంచెకు చుట్ట నిప్పంటుకుంది. పొగ లేస్తోంది. ఆయన ముసుగువాడి ఫైటింగు చూస్తూ కదలడు. నేను రాజ్యాన్ని మోచేత్తో పొడిచి, పంచె వైపు వేలు చూపించి, ఆవిడే లేచి అరిచేదాకా గుడ్లప్పగించి కూర్చున్నాను తప్ప, నోరు మాత్రం విప్పలేదు.